బోర్డుకు అవతలి బాల్కనీ

సర్వేయరు గారు రిటైరై పదకొండేళ్ళయినా ఉదయాన్ని మాత్రం ఇంకా కొలిచి వాడుకుంటారు. ఆరున్నరకు పాలు కాగాలి. ఏడింటికి కుండీలకు నీళ్ళు పడాలి. ఏడున్నరకు టీ గ్లాసుతో రోడ్డు వైపు కిటికీ దగ్గర నిలబడాలి. ఆ రోజు వీటికి తోడు కళ్ళజోడు మర బిగించుకునే పని కూడా ఒకటి పెట్టుకున్నారు. అంతకు మించి ఆ రోజు నుంచి ఆయన ఏమీ ఆశించలేదు.

కిటికీ దగ్గర నిలబడేది కాలక్షేపానికి కాదు. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, మేడ మీద ఆయన అక్కయ్య ఉంటుంది. ఆయనకన్నా ఆరేళ్ళు పెద్ద. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు. చెవి మందగించి, ఫోన్లో ఏం చెప్పినా “ఆఁ, ఆఁ” అని పెట్టేస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం పెదాలు చూసి అంతా అర్థం చేసుకుంటుంది. కొడుకూ కోడలూ ఏడింటికల్లా డ్యూటీలకు వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కతే. అందుకని అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. బాల్కనీ కమ్మీ మీద పసుపు తువ్వాలు కనిపించిందంటే అక్కయ్య లేచింది, తిరుగుతోంది, బాగుంది. భార్య పోయాక, ఎలా ఉందో అని ఆయన ఆరా తీయడానికి మిగిలిన మనిషి ఆవిడొక్కతే. తువ్వాలు చూశాకే టీ మొదటి గుక్క.

ఆ రోజు తువ్వాలు కనిపించలేదు. బాల్కనీయే కనిపించలేదు. ఆ చోట పెద్ద బూడిదరంగు రేకు కనిపించింది.

రెండు రోడ్ల నడుమ నూటపాతికేళ్ళ నాటి చెట్ల వరస, గడ్డి, రాతి బెంచీలు, అటూ ఇటూ ఇనుప కంచె. కాగితాల్లో దాని పేరు చారిత్రక ఉద్యానవీధి. అక్కడ ఉండేవాళ్ళకు చెట్ల బాట. ముందురోజు సాయంత్రం మునిసిపాలిటీ వాళ్ళు అందులో ఒక బోర్డు పెట్టారు. పోస్టర్లు అంటించేవాళ్ళకు అందకూడదని పన్నెండడుగుల గొట్టాల మీద నిలబెట్టారు. దాంతో కింద నడిచేవాళ్ళు మెడ విరిగేలా చూస్తే తప్ప చదవలేరు. అవతలి మేడల వాళ్ళు మాత్రం కుర్చీలో కూర్చుని చదువుకోవచ్చు. బోర్డు ముఖం అటు, వీపు ఇటు.

సర్వేయరు గారు టీ తాగకుండానే చెప్పులేసుకుని బయల్దేరారు. కంచెకు తలుపులు బాట రెండు చివర్లలో మాత్రమే ఉన్నాయి. ఆయన ఇల్లేమో నట్టనడుమ. చుట్టు తిరిగి అక్కయ్య మెట్లు ఎక్కేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. దారిలో తలెత్తి బోర్డు చదివారు. ‘ఈ వీధి అందం మనందరి ఆస్తి. దాన్ని మరుగుపరిచే పని ఏదీ చేయకండి’ అని ఎనిమిదడుగుల వెడల్పున రాసి ఉంది.

అక్కయ్య తలుపు తీసి ఎగాదిగా చూసింది.

“ఏంట్రా, పొద్దున్నే?”

“ఊరికే వచ్చానక్కయ్యా.”

“ఊరికే వచ్చే మొహమా నీది? టీ తాగావా?”

“లేదు.”

“మరి కూర్చో, నిలబడతావేం, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడిలా.”

బతికున్నావో లేదో చూద్దామని వచ్చాను అని ఏ తమ్ముడూ అక్కతో అనడు. ఆయనా అనలేదు. టీ తాగి, వాతావరణం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, మళ్ళీ ఇరవై రెండు నిమిషాలు నడిచి ఇంటికొచ్చి, తెల్లకాగితం తీసుకున్నారు.

‘సదరు బోర్డు వల్ల మా అక్కగారి బాల్కనీ కనిపించడం లేదు’ అని రాశారు. తిరిగి చదువుకుంటే చిన్నతనంగా అనిపించింది. ఇలాంటి అర్జీలను సర్వే ఆఫీసులో ఆయనే ముప్ఫై నాలుగేళ్ళు ‘సొంత కారణం’ అని రాసి పక్కన పడేశారు. కాగితం చింపి, కొత్తదాని మీద ‘సదరు బోర్డు వల్ల ఉద్యానవీధి చారిత్రక స్వరూపానికి భంగం కలుగుతోంది’ అని రాశారు. ఈసారి చదువుకుంటే ఆయనకే గౌరవం కలిగింది.

కింది వాటాలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు ఉంటారు. ఒకసారి చూసిపెట్టండని ఆవిడ చేతికి కాగితం ఇవ్వడమే ఆయన చేసిన పొరపాటు.

“ఈ భాష ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?” అన్నారావిడ. “ఇది ఒక్కరి సంతకంతో పోవలసిన కాగితం కాదు. నాకొదిలేయండి.”

రెండు రోజుల్లో ఇవతలి వైపు నలభై సంతకాలయ్యాయి. మందుల షాపాయన తన కొట్టు పేరు కనబడడం లేదని చేశాడు. హెడ్మిస్ట్రెస్ గారు మళ్ళీ వస్తారేమోనని ఇద్దరు చేశారు. చరిత్ర కోసం ఎంతమంది చేశారో చరిత్రకే తెలియాలి.

అర్జీకి ప్లాను జతచేయకపోతే సర్వేయరు గారి ప్రాణం ఒప్పదు. టేపు పట్టుకుని బాటంతా కొలిచి, చెట్లూ బెంచీలూ కంచె తలుపులతో సహా గీశారు. ఆ గీయడంలో, తన కిటికీ నుంచి అక్కయ్య బాల్కనీ దాకా చుక్కల గీత ఒకటి పడింది. బోర్డు ఎక్కడ అడ్డొచ్చిందో చూపకుండా ప్లాను గీయడం ఆయనకు చేతకాదు. ఆ గీత ఏమిటో రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

బోర్డుల సెక్షను గుమాస్తా సౌమ్యుడు. పెద్దవాళ్ళు వస్తే కుర్చీ తుడిచి వేస్తాడు. ప్లాను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

“ఇంత శుభ్రమైన కాగితం మా సెక్షనుకి ఎప్పుడూ రాలేదు సార్. ఈ చుక్కల గీత ఏంటండీ?”

“అది... ఆ రెండిళ్ళ మధ్యా ఉన్నదిలే బాబూ.”

“పాతదా?”

“అరవై ఏళ్ళ పైమాటే.”

“రాకపోకలుండేవా?”

సర్వేయరు గారు అక్కయ్యనూ తననూ తలుచుకుని, “ఉండేవి” అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. గుమాస్తా ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నాడు.

ఆ సెక్షనుకు ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ ముప్ఫై రోజులపాటు అక్కడికక్కడే జనానికి తెలియజేయాలి. తెలియజేయడం అంటే ఆ సెక్షనుకు చేతనైన పని ఒక్కటే. వారం తిరక్కుండా మొదటి బోర్డు పక్కన అదే ఎత్తులో రెండోది వెలిసింది. ‘పక్క బోర్డుపై అభ్యంతరం వచ్చినది. ఈ అభ్యంతరంపై అభ్యంతరములున్నచో తెలుపగలరు.’

అభ్యంతరాలు ఉన్నాయి. అవతలి వైపు నుంచి, బోర్డు ఉండి తీరాలని నలభై రెండు సంతకాలతో కాగితం అందింది. దాంతో మూడో బోర్డు. హెడ్మిస్ట్రెస్ గారి గులాబీల మీద పడే కాస్త ఎండా పోయింది. ఇక నాలుగోదాన్ని సర్వేయరు గారు రెండుసార్లు చదువుకున్నారు. ‘ఇచ్చట అరవయ్యేళ్ళ క్రిందట కాలిబాట ఉండెడిది. వివరములు తెలిసినవారు తెలుపగలరు.’

తెలియనివారు ఒక్కరూ లేరు.

“మా తాత బట్టల మూటలు మోసింది ఆ దారినే. ఆయన మోకాళ్ళు అరిగింది మరెక్కడనుకున్నారు?” అన్నాడు అవతలి వైపు టైలరు. ఆ దారిలో జారిపడి ముక్కు పగలగొట్టుకున్నానని మందుల షాపాయన మచ్చ చూపించాడు. ఆ పేటకు వచ్చి ఇరవై ఏళ్ళు కూడా నిండని హెడ్మిస్ట్రెస్ గారు చిన్నప్పుడు ఆ దారినే బడికి వెళ్ళారు. బోర్డుల విషయంలో ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వైపులవాళ్ళూ దారి విషయంలో అన్నదమ్ముల్లా కలిసిపోయారు.

“గీసింది మీరే కదండీ, మీకు గుర్తులేదా?” అని ఆవిడ నిలదీశారు.

“గీత గుర్తుందండీ. దారి గుర్తులేదు.”

“వయసు” అన్నారావిడ జాలిగా, పక్కనున్నవాళ్ళతో.

అది దారి కాదు, నేను మా అక్కయ్యను చూసుకునే చూపు అని ఇంతమందిలో చెప్పడం ఆయన వల్ల కాలేదు. రోజులు గడిచేకొద్దీ అసలే వల్ల కాలేదు.

ఈ రభసలో ఆయన నడక మాత్రం తప్పలేదు. తువ్వాలు కనిపించదు, మనసు ఊరుకోదు. రోజూ పొద్దున్నే వెళ్ళేవారు. ఎందుకొచ్చావని అడుగుతుందేమోనని రోజుకో సాకు చేతిలో ఉండేది. ఒకరోజు పత్రిక, ఒకరోజు కుళాయికి కొత్త వాషరు, ఒకరోజు ఆవిడదే అని చెప్పి తన ఇంట్లోంచి పట్టుకెళ్ళిన స్టీలు డబ్బా. “ఇది నాది కాదురా” అంటూనే తీసుకుని లోపల పెట్టింది. నాలుగో రోజుకే ఆయన వెళ్ళేసరికి బల్ల మీద రెండు గ్లాసులు బోర్లించి ఉంటున్నాయి. ఆయన కూర్చునే కర్ర కుర్చీలో దుప్పటి ఒకటి మెత్తగా మడతపెట్టి ఉంటోంది. అది తన నడుం నొప్పి కోసమని ఆయనకు తెలిసింది. తెలిసినట్టు ఆవిడకు తెలియనివ్వలేదు.

గడువులన్నీ తీరాక, రెండు నెలలకు గుమాస్తా రెండు వైపులవాళ్ళనూ బోర్డుల కిందికి పిలిపించి విచారణ పెట్టాడు. ముందు ఇవతలి కాగితం చదివాడు. తర్వాత అవతలిది తీశాడు.

“దీంట్లో మొదటి సంతకం మేడ మీది పెద్దావిడది. ‘ఈ బోర్డును కదిలించరాదు. నాలాంటి ముసలివాళ్ళకు దీనివల్ల ఎంతో మేలుగా ఉంది’ అని ఆవిడే స్వయంగా రాశారు.”

“ఏదీ?” అని సర్వేయరు గారు కాగితం అందుకున్నారు. అక్షరాలు వణికాయి గాని వరస తప్పలేదు. పలక మీద ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించిన చెయ్యే అది.

విచారణ మధ్యలోనే ఆయన లేచి వెళ్ళిపోయారు. ఓడిపోతామని భయపడ్డారని అవతలివాళ్ళూ, ఇంకో ప్లాను తేవడానికి వెళ్ళారని ఇవతలివాళ్ళూ అనుకున్నారు.

“ఇదేంటక్కయ్యా?” అన్నారు గుమ్మంలోంచే. “ఆ బోర్డు తీసేయమని తిరుగుతున్నది నేనని నీకు తెలుసా?”

“తెలియకేం? టైలరు చెప్పాడు. కూర్చో.”

“మరి సంతకం ఎందుకు పెట్టావు?”

ఆవిడ గ్లాసులు తిప్పి పెట్టింది. “అది రాకముందు నువ్వు నా గడప తొక్కింది ఎప్పుడో చెప్పు.”

ఆయన లెక్కవేసుకున్నారు. లెక్క పదకొండు నెలల దగ్గర ఆగింది.

“రోజూ చూస్తూనే ఉన్నాగా. తువ్వాలు...”

“తువ్వాలు చూశావు, నన్నెక్కడ చూశావు? మొదట్లో నేనే వేసేదాన్ని. తర్వాత కోడలు డ్యూటీకి వెళ్తూ వేసేసి పోతోంది. పోయిన వానాకాలం నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నానురా. అప్పుడూ వేలాడుతూనే ఉంది అది, నిక్షేపంగా.”

సర్వేయరు గారు మళ్ళీ లెక్కవేసుకున్నారు. ఆ నాలుగు రోజులూ కూడా తువ్వాలు చూసి తృప్తిగా టీ తాగి ఉంటారు.

“నాకెందుకు చెప్పలేదు?”

“కంగారుపడతావని. అప్పుడు చెప్పి ఉంటే అప్పుడే వచ్చేవాడివేమో, నాదే బుద్ధితక్కువ. ఆ రేకు పుణ్యమా అని ఇప్పుడు వస్తున్నావు. దాన్ని తీసేస్తే మళ్ళీ కిటికీకి అతుక్కుపోతావు.” టీ పోస్తూ, “అది అక్కడే ఉండాలి” అంది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి సర్వేయరు గారు సెక్షను ముందు ఉన్నారు.

“బాబూ, నా అర్జీ వెనక్కి తీసుకుంటాను. బోర్డు ఉండనివ్వండి.”

“ఆలస్యమైంది సార్. ఆర్డరు టైపయిపోయింది.” గుమాస్తా ఫైలు తిప్పాడు. “రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్నది ఒక్క దారి సంగతే. బోర్డులు నాలుగూ ఆ దారికి అడ్డంగా ఉన్నాయి. అందుకని తీసేసి, కంచె కోసి, పాత దారిని పాతచోటే ఇస్తున్నాం.”

ఇక దాచి లాభం లేదనిపించింది ఆయనకు. “అది దారి కాదు బాబూ. మా అక్కయ్య బాల్కనీ కనిపించే చూపు వరస. నేనే గీశాను. అక్కడ ఏ దారీ ఎప్పుడూ లేదు.”

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. లేచి, మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“నిన్న మీరు వెళ్ళాక విచారణలో రెండు వైపులా కలిపి ఎనభై మంది ఆ దారిలో నడిచామని సంతకాలు పెట్టారు సార్. లేదంటున్నది మీరొక్కరు. నేను ఎవరిది నమ్మాలి?”

ఆ వారంలోనే బోర్డులు దిగిపోయాయి. కంచె రెండు వైపులా కోసి, సర్వేయరు గారి గుమ్మానికి ఎదురుగా మొదలై అక్కయ్య మెట్ల దగ్గర తేలేలా రాళ్ళు పరిచారు. చుక్కల గీతకు అంగుళం తేడా రాలేదు. కూలీలు వెళ్ళిన మర్నాడు ఏడున్నరకు ఆయన తలుపు తట్టేసరికి, అక్కయ్య తీయడానికి కాస్త ఆలస్యం చేసింది.

“రేకు తీసేశారుగా. ఇంక రావేమో అనుకున్నా.”

“రెండే నిమిషాలక్కయ్యా ఇప్పుడు. రాకపోవడానికి సాకు దొరకడం లేదు.”

“చెయ్యి ఖాళీగా వచ్చావే?”

“ఖాళీగానే వచ్చాను.”

“మంచిది. ఇంట్లో నీ డబ్బాలు ఎక్కువైపోయాయి” అంటూ ఆవిడ దారి ఇచ్చింది.

చెట్ల బాట చూడ్డానికి వచ్చినవాళ్ళకు హెడ్మిస్ట్రెస్ గారు ఇప్పటికీ ఆ దారి చరిత్ర చెబుతూ ఉంటారు. తరతరాల అలవాటు తప్పకుండా అందులో రోజూ నడిచేది సర్వేయరు గారొక్కరేనని, పాపం ఆ దారి మాత్రం ఆయనకు గుర్తులేదని కూడా చెబుతారు.