వెనక సీటులో అత్తగారు, కొత్త స్ప్రింగులు

అత్తాఅల్లుళ్ల మధ్య ప్రేమ పుట్టాలంటే పాస్టర్‌గారి కౌన్సెలింగ్ అక్కర్లేదు. పాత కారుకి కొత్త షాక్ అబ్జార్బర్లు, కొత్త స్ప్రింగులు వేయించండి. చాలు!

నవ్వకండి. ఇది అమెరికాలోని నేపర్‌విల్‌లో రుజువైన సత్యం.

నరసాపురంలో టీచరుగా రిటైరైన జ్ఞానప్రసూన 2008 మే నెలలో కూతురు రూతు ఇంటికి ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. ఎయిర్‌పోర్టులో అల్లుడు సుందర్ రాజ్ ఎంతో ఆప్యాయంగా పలకరించాడు.

"వందనాలు అత్తయ్య గారూ! రిటర్న్ టికెట్ కన్‌ఫర్మ్ అయినట్టేగా?"

అయింది. అక్టోబరు ఆఖరుకి. ఆమెకి కావలసిందీ అదే. నవంబరు రాగానే ఊళ్లో చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలవుతుంది. అక్కడ హార్మోనియం ఎప్పట్నుంచో ఆమెది. ఒక్క ఏడాది ఆమె కనిపించలేదో, ఆ చోట్లో మార్తమ్మ కూర్చుంటుంది. మార్తమ్మ ఒకసారి కూర్చుందంటే ఇక లేవదు. పైగా శ్రుతి తప్పుతుంది!

మొదట్లో అల్లుడికి అత్తగారు చేసే ప్రతిదీ ఇబ్బందే. ఎండుచేపల కూర వండితే కిటికీలు తెరిచేవాడు. ఆమె గురక మొదలైతే గ్యారేజ్‌లోకి వెళ్లిపోయేవాడు. అక్కడ ఉండేది అతని ప్రాణం. 1969 మోడల్ మజిల్ కారు, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే పాతకాలపు అమెరికన్ బండి. ఆకుపచ్చ రంగు, బానెట్ మీద రెండు తెల్ల చారలు. ఆఫీసులో మేనేజర్ ఎదుట నోరు విప్పని సుందర్ రాజ్ దానితో గంటల తరబడి మాట్లాడేవాడు.

దానికి రెండే తలుపులు. వెనక సీటులోకి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, ప్రభువుని తలుచుకుని పడిపోవాలి. దిగడం ఇంకా కష్టం. కాబట్టి ఆ సీటు అత్తగారికి కేటాయించారు. న్యాయమే కదా! ముందు సీటు భార్యది.

పాత స్ప్రింగుల మీద ఆ కారు గోదావరి మీద పడవలా ఊగేది. మలుపులో ఒక పక్కకి ఒరిగేది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంచేది. జ్ఞానప్రసూనకి మాత్రం కూర్చోగానే నిద్ర పట్టేది. కారులో ఎవరైనా అంత సుఖపడుతుంటే చూస్తూ ఊరుకుంటామా? అప్‌గ్రేడ్ చేయాల్సిందే!

ఒక శనివారం తెలుగు చర్చిలో పాటల ప్రాక్టీసు అయ్యాక, సుందర్ రాజ్ కారుని అట్నుంచి అటే పాత కార్లు బాగుచేసే గ్యారేజీకి తోలాడు. అక్కడి మెకానిక్ టేపు పట్టుకుని, నాలుగు చక్రాల దగ్గరా కారు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలతల్ని బట్టి స్ప్రింగులు తెప్పిస్తాడన్నమాట.

రూతు దిగింది. జ్ఞానప్రసూన దిగలేదు.

"నా వల్ల కాదే అమ్మాయ్. ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కించడానికి నలుగురు కావాలి."

మెకానిక్ కిటికీలోంచి లోపలికి చూశాడు. వెనక సీటులో ఆమె, పక్కన ఆమె ఇంట్లో వాయించుకోడానికి తెచ్చుకుంటున్న చర్చి హార్మోనియం. మర్యాదస్తుడు, చిరునవ్వు నవ్వాడు. సుందర్ రాజ్ వైపు తిరిగి, "ఈ బరువు ఎప్పుడూ ఉండేదేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

సుందర్ రాజ్‌కి ఎండుచేపలు గుర్తొచ్చాయి. గురక గుర్తొచ్చింది. గుండె లోతుల్లోంచి నిట్టూర్చాడు.

"ఆల్వేస్!"

పాఠకులారా, ఆ ఒక్క మాటతో చరిత్ర మలుపు తిరిగింది!

ఆ బరువుకి సరిగ్గా సరిపోయే కొత్త స్ప్రింగులు వచ్చాయి. అత్తగారు వెనక కూర్చుంటే కారు గీత గీసినట్టు సమంగా నిలబడేది. మలుపులో రోడ్డుని పట్టుకుని పోయేది. ఆమె దిగితే మాత్రం వెనక భాగం పైకి లేచేది. ముక్కు కిందికి, తోక పైకి! సిగ్నల్ దగ్గర ఆగితే పక్క కార్లవాళ్లు నవ్వేవారు.

ప్రేమ అలా మొదలైంది.

"అత్తయ్య గారూ, అలా డ్రైవ్‌కి వెళ్దాం రండి." "అత్తయ్య గారూ, పాల ప్యాకెట్‌కి వెళ్తున్నా, మీరూ రాకూడదా?" షామ్‌బర్గ్‌లో తన ఆఫీసుకి కూడా తీసుకెళ్తానన్నాడు. పార్కింగ్ లాట్‌లో నీడ ఉంటుందట!

రోజూ ఉదయం ఆమె చేసే వాకింగ్ మాన్పించాడు. "ఈ వయసులో ఎందుకండీ శ్రమ?" భోజనాల దగ్గర తనే వడ్డించేవాడు. "ఇంకొంచెం పెట్టుకోండి. ఎండుచేపలు ఈమధ్య వండట్లేదేం?" ఆమె ఒకపూట ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే అతనికి కంగారు పుట్టింది. ఏ అల్లుడు అంత కనిపెట్టుకుని ఉంటాడు చెప్పండి?

రూతు మురిసిపోయింది. చర్చిలో లేచి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. "దేవుడు మా ఆయన హృదయాన్ని మార్చాడు!"

దేవుడు మార్చాడో లేదో గాని, స్ప్రింగులు మార్చిన సంగతి జ్ఞానప్రసూన నడుముకి బాగా తెలుసు. ఇప్పుడు ఆ సీటులో నిద్ర లేదు. రోడ్డు మీది రంగు గీత మందమెంతో వెన్నుపూసకి తెలిసిపోయేది. ఇంటికొచ్చి నడుముకి బామ్ రాసుకుంటూ, "పోనీలే, పిలిచి తిప్పుతున్నాడు" అనుకునేది. పిలిచి తిప్పేవాళ్లుంటే నడుము నొప్పి ఒక లెక్కా?

సెప్టెంబరులో సుందర్ రాజ్ అసలు మాట కదిపాడు.

"అత్తయ్య గారూ, వీసా స్టే ఎక్స్‌టెన్షన్‌కి ఫైల్ చేద్దాం. ఇంకో సిక్స్ మంత్స్ ఉండండి. స్ప్రింగ్ సీజన్‌లో మంచి మంచి కార్ షోలుంటాయి."

"క్రిస్మస్ పాటలున్నాయి బాబూ. నేను లేకపోతే మార్తమ్మ..."

"ఉండమ్మా!" రూతు చెయ్యి పట్టుకుంది. "ఆయన అంతగా అడుగుతుంటే!"

జ్ఞానప్రసూన మెత్తబడింది. ఇంత ప్రేమని కాదని హార్మోనియం కోసం పోతే పాపం కాదూ? ఆలోచించి చెబుతానంది.

ఆ వారమే షామ్‌బర్గ్‌లో పాత కార్ల షో. ముగ్గురూ వెళ్లారు. వరసగా నిలబెట్టిన కార్లన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. "జడ్జీలు వచ్చి వెళ్లేదాకా దిగకండి అత్తయ్య గారూ" అని చేతిలో జంతికల ప్యాకెట్ పెట్టాడు అల్లుడు.

జడ్జి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి చూసి మెచ్చుకున్నాడు. కారు ఎంత సమంగా ఉంది! సుందర్ రాజ్ ఛాతీ పొంగింది.

సరిగ్గా అప్పుడే జ్ఞానప్రసూనకి బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. జంతికల తర్వాత తాగిన మంచినీళ్లు అవి. ఇక ఆగలేదు. ముందు సీటు తోసి, తల వంచి, ఒక కాలు బయట పెట్టి, ప్రభువుని తలుచుకుని దిగింది.

వెనకాల ఏదో కదిలినట్టయింది. తిరిగి చూసింది.

కారు తోక లేస్తోంది! జడ్జి తలా దానితోపాటే లేచింది. అల్లుడి మొహం మాత్రం వాడిపోయింది.

"అత్తయ్య గారూ! రెండు నిమిషాలు... కూర్చోండి, ప్లీజ్!"

ఆమె కదల్లేదు. కారుని చూసింది, అల్లుణ్ణి చూసింది. మాన్పించిన వాకింగ్, కొసరి వడ్డించిన అన్నం, పాల ప్యాకెట్ డ్రైవ్ అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి.

"బాబూ, మాది ఏ వీధి?"

"నరసాపురంలో... చర్చి దగ్గర... రూతూ, ఏ వీధి?"

"నా పుట్టినరోజు ఎప్పుడు?"

"డిసెంబర్... కాదు, జూలై కదా?"

"నా బరువెంత?"

"నూట డెబ్బై రెండు పౌండ్లు. హార్మోనియంతో కలిపి రెండొందలు." టక్కున చెప్పేశాడు పిచ్చి మారాజు!

రూతు పక్కకి తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది.

అక్టోబరు ఆఖరున జ్ఞానప్రసూన విమానమెక్కింది. సుందర్ రాజ్ నిజంగా ఏడ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా కారు తోక పైకెత్తుకునే వచ్చింది మరి!

డిసెంబరులో ఫోన్ చేశాడు. వెనక హార్మోనియం వినిపిస్తోంది, శ్రుతి తప్పకుండా.

"మళ్లీ ఎప్పుడొస్తారు అత్తయ్య గారూ?"

"ముందు నేను లేకుండా కొలతలు తీయించి ఆ స్ప్రింగులు మార్పించండి బాబూ. అప్పటికీ నన్ను చూడాలనిపిస్తే ఫోన్ చెయ్యండి. టికెట్ నేనే కొనుక్కుంటాను."

స్ప్రింగులు మార్చడం ఒక పూట పని. గ్యారేజీ పక్క వీధే. చూశారా, ఇంత తేలిగ్గా ఒక అత్తగారిని మళ్లీ తెచ్చుకోవచ్చు!

సుందర్ రాజ్ అంతకన్నా తేలికైన ఉపాయం కనిపెట్టాడు. ఈసారి నేపర్‌విల్ వెళ్తే ఆకుపచ్చ కారు వెనక సీటులోకి తొంగిచూడండి. సోనా మసూరి బియ్యం బస్తాలు సీట్‌బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటాయి. కారు గీత గీసినట్టు సమంగా ఉంటుంది.

బస్తాలకి నడుము నొప్పి లేదు. వాటి పుట్టినరోజు ఎవరూ అడగరు.