స్కేలు పెట్టి చూస్తే మా ఊరు దగ్గరే

భూమ్మీద దేనికీ దూరం కాని ఊరు ఒక్కటే ఉంది. అది మాది! ఈ మాట బల్లగుద్ది చెబుతున్నాను. బల్ల మాత్రం ఆఫీసువాళ్లది.

ఇన్నాళ్లూ మాకు ఆ సంగతి తెలియక, మమ్మల్ని ఎవరో విసిరేస్తే ఇక్కడ పడ్డామని తెగ కుమిలిపోయేవాళ్లం. నలభై రెండు ఇళ్లు, వాటి చుట్టూ ఉల్లి చేలు, మొక్కజొన్న చేలు, వెనకాల ఒక బోడిగుట్ట, ముందు ఏడాది పొడుగునా ఎండని వాగు. వాగుకి అవతల పట్నం. పట్నంలో హైస్కూలు, హైస్కూలు గోడకి ఆనుకుని విద్యాశాఖ ఆఫీసు. మా దగ్గర వాగు మీద వంతెన లేదు. అందుకని రోడ్డు పాపం వాగు వెంబడే పైకి పోయి, ఎక్కడో దొరికిన వంతెన ఎక్కి, మళ్లీ అంత దూరమూ వెనక్కి వస్తుంది. మొత్తం పదకొండు కిలోమీటర్లు.

మా మనవరాలు ఏడో తరగతి పాసయింది. మా ఊరి బడి కూడా ఏడుతోనే ఆగిపోతుంది. ఎనిమిది చదవాలంటే పట్నం వెళ్లాలి. బడి మూడు కిలోమీటర్లు దాటి ఉంటే బస్సు పంపాలని రూలుందట. నేను చదివింది ఐదు వరకే అయినా పదకొండు మూడుకన్నా పెద్దదని నాకు గట్టి నమ్మకం. ఊరందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ పట్టుకెళ్లాను.

ఆఫీసు గుమాస్తా కుర్రవాడే, మర్యాదస్తుడు. అర్జీ చదివి, బల్ల మీద మ్యాపు పరిచి, డ్రాయరులోంచి మూల విరిగిన ప్లాస్టిక్ స్కేలు తీశాడు. ఒక కొస మా ఊరి మీద, ఇంకో కొస బడి మీద పెట్టాడు.

"రెండుంబావు కిలోమీటర్లండీ. బస్సు రాదు. బడి మీకు కూతవేటు దూరం," అన్నాడు.

చూశారా! పదకొండు కిలోమీటర్లు చిటికెలో రెండుంబావు అయిపోయాయి. రోడ్డు వెయ్యలేదు, వంతెన కట్టలేదు, ఒక్క తట్ట మట్టి ఎత్తలేదు. ఇంత తక్కువ ప్లాస్టిక్‌తో ఇంత అభివృద్ధి ఎక్కడైనా జరిగిందా? చిన్నప్పుడు నాకు భూగోళంలో పన్నెండు మార్కులే వచ్చాయి. మా మాస్టారు స్కేలుతో కొట్టడమే తప్ప కొలవడం నేర్పలేదు.

ఇంటికి రాగానే నేనూ ఒక మ్యాపు సంపాదించి, దాని మీద పెన్సిల్‌తో గీత గీశాను. అది మా గేదెల పాకలో మొదలవుతుంది. వడ్రంగి వంటింట్లో సరిగ్గా పొయ్యి మీదుగా పోతుంది. ఈ సంగతి ముందే చెప్పడం ధర్మం కదా అని వడ్రంగి భార్యకి చెప్పాను. "పిల్లని రానివ్వండి బాబాయిగారూ, కాళ్లు మాత్రం కడుక్కుని రమ్మనండి," అంది. అక్కణ్నించి మొక్కజొన్న చేను, వాగు, అవతల కంచె వేసిన తోట, తోటలో రెండు కుక్కలు. చివరికి గీత బడి వెనక గోడలోంచి దూరి హెడ్మాస్టరు కుర్చీలో ఆగుతుంది. అంటే మా మనవరాలు ముక్కుసూటిగా నడిస్తే ఎనిమిదో తరగతిలో కాదు, ఏకంగా హెడ్మాస్టరు ఒళ్లో కూర్చుంటుంది. ఏ బస్సు చేరుస్తుంది అంత పైకి?

మా బావమరిది ట్రాక్టరు డ్రైవరు. ఊళ్లో అందరూ అతన్ని 'తొందర' అని పిలుస్తారు. "రెండుంబావేగా బావా, అరగంట చాలు," అని గీత పట్టుకుని బయల్దేరాడు. పాక దాటాడు, వంటింట్లో టీ తాగాడు, వాగులో మెడదాకా మునిగి చెప్పులు వాగుకి వదిలాడు. వెళ్లడానికి గంట పట్టింది. తోటలో కుక్కలు ఎదురొచ్చాక తిరిగి రావడానికి ఆరు నిమిషాలు. వాగు ఎలా దాటాడో అతనికే గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో ఈ గీత ఇంకా కురచవుతుందని మాకు అలా తెలిసింది.

పశువుల డాక్టరు విషయమే తీసుకోండి. మా గేదెకి నొప్పులొస్తున్నాయని ఫోన్ చేస్తే, సెల్లులో మ్యాపు చూసి, "దగ్గరే కదా, భోంచేసి వస్తాను," అన్నాడు. రోడ్డంతా తిరిగి ఆయన వచ్చేసరికి దూడ లేచి నిలబడి పాలు తాగుతోంది. కాన్పు చాలా బాగా జరిగిందని మెచ్చుకుని వెళ్లాడు. దూరంగా ఉన్న ఊళ్లో గేదెలకి ఇంత ఆత్మవిశ్వాసం వస్తుందా?

ఇన్ని లాభాల మధ్య ఒక్కటే చిన్న చిక్కు. బడి సోమవారం తెరుస్తారు. వారంలోగా రాని పిల్లల పేర్లు కొట్టేస్తారు. మా కోడలు ఉల్లిపాయలు ఏరే షెడ్డులో తన పీట పక్కన నిన్న ఇంకో పీట వేసింది. ఎవరికని నేను అడగలేదు, తను చెప్పలేదు.

అందుకని ఇవాళ పొద్దున్నే మనవరాలిని తీసుకుని, మా బావమరిది ట్రాక్టరు మీద పదకొండు కిలోమీటర్లూ తిరిగి, మళ్లీ ఆ ఆఫీసుకే వెళ్లాను.

"బాబూ, మీ సారు ఒక్కసారి మా ఊరొచ్చి చూస్తే బాగుంటుంది. ఎంత, కూతవేటే కదా," అన్నాను.

గుమాస్తా పెదవి విరిచాడు. "మీ ఊరా? సారు రాలేరండీ. మరీ దూరం. వెళ్లి రావడానికి ఒక పూట పోతుంది."

ఆఫీసు గోడకి అవతలే బడి. అక్కడ బల్లలు జరుపుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. మనవరాలు చేతిలోని అర్జీ కాగితం తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు అతని ముందు పెట్టింది.

"సార్, మా ఊరు మరీ దూరమని దీని మీద రాసి, స్టాంపు వేసి ఇస్తారా?"

గుమాస్తా కాగితంకేసి చూశాడు, నాకేసి చూశాడు. తర్వాత డ్రాయరు తెరిచాడు. స్టాంపు కోసమే అనుకుని నేను లేచి నిలబడ్డాను.

స్కేలు తీశాడు.