జొడిపి పొట్టేలు పూసిన జాజు

ఆ సోమవారం ఉదయం ఖాదర్ వలి గిన్నెలో ఎర్రటి జాజు పొడి పోసి, నూనె వేసి, ఎంతో శ్రద్ధగా కలియబెట్టాడు. అది కూరగిన్నె. భార్య రజియాబీ అనవలసిందంతా పదిహేను రోజుల కిందటే అనేసింది. పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు తిరిగే ఆటోను అమ్మి, భర్త నెల్లూరు జొడిపి జాతి పొట్టేలును దింపిన రోజది.

"నెలాఖరుకి మన ఇరవై గొర్రెల్లో ఒక్కటన్నా చూడి కట్టకపోతే మంద అమ్మేసి, అద్దె ఆటో తోలుకో" అని గడువు పెట్టింది.

ఇక పన్నెండు రోజులే ఉన్నాయి. ఖాదర్ వలికి రుజువు కావాలి. నందిగామలో పశువుల డాక్టరు నీరజ గొర్రెల పెంపకం క్లాసులో ఒక ఉపాయం చెప్పింది. పొట్టేలు ఛాతీకి రంగు పూస్తే, అది కలిసిన గొర్రె నడుము మీద ఆ రంగు పడుతుంది.

సాయంత్రం చూస్తే ఇరవై నడుముల మీదా మచ్చ లేదు. రంగు పలచనయిందనుకుని మంగళవారం చిక్కగా పూశాడు. బుధవారం రెండు పూతలు వేశాడు. పొట్టేలు రోజూ సాయంత్రానికి బాగా అలసిపోయి కనిపించేది గాని, గొర్రెలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉండేవి.

గురువారం మధ్యాహ్నం ఖాదర్ వలి నమాజు నుంచి వచ్చి, పొట్టేలుకు మరో పూత వేసి వదిలేసరికి, పక్క చేను రత్తయ్య తన గొర్రెల్ని పదకొండింటిని తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. వెంట సర్పంచ్ భారతీదేవి ఉంది. ఆ ఊళ్లో ఆకుపచ్చ రంగు గుర్తు రత్తయ్య మందది, ఎరుపు ఖాదర్ వలిది.

"చూడండమ్మా! మెడ మీద నా పచ్చ అట్టాగే ఉంది. వెనకేమో వీడి ఎరుపు! పట్టపగలే నా గొర్రెల్ని కలిపేసుకుంటన్నాడు."

"నేను ముట్టుకోలా బాబాయ్!"

"మరి ఆ చేతులేంట్రా?"

ఖాదర్ వలి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. లుంగీ కూడా.

"మా పొట్టేలుకి పూశానండి."

"పొట్టేలుకెందుకయ్యా పూయడం?" అంది సర్పంచ్.

ఆడమనిషి ముందు ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక అతను తల దించుకున్నాడు. దొంగతనం రుజువైపోయినట్టే అందరూ చూశారు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లు మర్యాదగా బతికిన మనిషికి కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పుడే రత్తయ్య చేనుకి అడ్డంగా ఉన్న కంప కంచెలోని కంత దూరి జొడిపి పొట్టేలు వచ్చింది. ఎవరినీ పట్టించుకోకుండా రత్తయ్య గొర్రెల్లోకి నడిచి, నాలుగో రోజుకీ ఆగని ఉత్సాహంతో జవాబు చెప్పేసింది. సర్పంచ్ మున్నేరు ఏటి వైపు తిరిగి చాలాసేపు చూసింది.

రత్తయ్య కోపం జారిపోయింది. "మా ఒంటికన్ను ముసలి పొట్టేలు ఈ ఏడు ఒక్కదాని వంకా చూడలేదురా వలీ. ఇంకో వారం ఆ కంత పూడ్చబాక" అన్నాడు మెత్తగా.

ఖాదర్ వలి అరుగు మీద కూలబడ్డాడు. పరువు దక్కింది గాని మంద పోయినట్టే.

"అద్దె ఆటో ఎక్కడుందో కనుక్కుంటాలే" అన్నాడు భార్యతో.

అతని ముఖం చూసి రజియాబీకి జాలేసింది. "ఆ డాక్టరమ్మకి ఒకసారి చూపించి అమ్ముదాం" అంది.

మర్నాడు నీరజ స్కానింగ్ మిషన్‌తో వచ్చింది. ఇరవై గొర్రెల్నీ చూసి, "అన్నీ చూడివే! రెండు నెలలు నిండాయి. చూడి గొర్రె ఎదకు రాదు, అందుకే పొట్టేలు వీటి జోలికి పోలేదు" అంది.

"మా పొట్టేలొచ్చి ఇరవై రోజులు కూడా కాలేదు మేడం!"

అందరి చూపులూ కంచె అవతలికి వెళ్లాయి. రత్తయ్య ఒంటికన్ను ముసలి పొట్టేలు ప్రశాంతంగా నెమరు వేస్తోంది. దానికి ఎవరూ ఎప్పుడూ రంగు పూయలేదు.

రజియాబీ గడువు మాట మళ్లీ ఎత్తలేదు, కూరగిన్నె తోమిమ్మని మాత్రం చెప్పింది. రత్తయ్య అడిగిన వారం గడిచాక ఖాదర్ వలి కంచెలో కంత పూడ్చేశాడు. అప్పటికి రెండు పొట్టేళ్లకీ దానితో పని తీరిపోయింది.