కింది ఎనిమిదిని కాచిన సంగ్రామము

కృష్ణవేణీ మహానది తన పాయలనెడు బాహువులతో కౌగిలించుకొన్న దివిసీమయందు, కోడూరు మండలమున, ఎక్కాలకు సముద్రఘోష శ్రుతి పట్టెడి ఒకానొక బడిలో, క్రీస్తుశకము 1998 ఆగస్టు మాసమున, భోజనానంతర నిద్రాముహూర్తమున, ఒక మహాసంగ్రామము జరిగెను. అందు సేనానాయకుడు గుడివాడ వాస్తవ్యుడు, భాషాప్రవీణుడు, లెక్కల మాస్టారి పోస్టు ఖాళీయైనందున తెలుగు పండితుడై యుండియు లెక్కలు చెప్పుచున్న ఆంజనేయులు. అనగా నేనే.

యుద్ధకారణము వినుడు. ఏడు బై ఎనిమిది నుండి మూడు బై ఎనిమిది తీసివేయుమని నేను శాసింపగా, ఆరవ తరగతి మాధవి నాలుగు బై అయిదు అని వ్రాసెను. నా ఎర్రకలము ఖడ్గమై లేచి ఆ అంకెలను అడ్డముగా నరికెను. మరునాడు ఆమె తండ్రి పోతయ్య బడికి వచ్చెను.

పోతయ్య సామాన్యుడు కాడు. వేట ముగిసి పడవ ఒడ్డెక్కగానే చేపలను ఇసుకపై కుప్పలుగా పోసి, ఇరువది యేండ్లుగా ఎవరి వాటా వారికి పంచుచు, ఒక్కనిచేతనైనను మాటపడని ధర్మమూర్తి. కూతురికి ఆ లెక్క నేర్పినదియు ఆయనే.

"ఎనిమిది వాటాలండి," అనెను పోతయ్య. "పడవది ఒకటి పోను మనుషులవి ఏడు. ముగ్గురు వేటకి రాలేదనుకోండి. పైన మూడు తీస్తాం, కింద మూడు తీస్తాం. అయిదింట్లో నాలుగు. ఇందులో తప్పేముందండి? నా వాటా తప్పని ఎర్రసిరాతో కొట్టేశారు. తప్పుడు లెక్క చెప్పే బడికి పిల్లని పంపనండి. రేపట్నించి వాళ్లమ్మతో చేపల తట్ట పట్టుకుని వెళ్తుంది."

గడప యొద్ద మాధవి తల వంచుకొని నిలిచెను. పద్యము ఒక్కసారి చెప్పిన చాలును, ఆ పిల్లకు కంఠతా వచ్చును. అట్టి పిల్ల నా లెక్కల మూలమున బడి మానిన, నా మొగము నేనే చూచుకొనలేను.

అంతట సుద్దముక్కను పైకెత్తి గర్జించితిని: "ఓయి సాగరధీరా, హారము అచలము, లవము చలము. సమహారభిన్నములందు లవములనే వ్యవకలనము సేయవలెను. హారమును స్పృశించువాడు గణితద్రోహి."

ఆ వెంటనే నల్లబల్లపై వృత్తము గీసి ఎనిమిది భాగములు చేసితిని. అవి సమముగా రాలేదు.

"ఇట్టా వాటాలేస్తే మావోళ్లు కొడతారండి," అనెను పోతయ్య.

గంటసేపు పోరితిని. సుద్దముక్కలు అరిగెను, గొంతు ఎండెను, ఆయన అయిదు మాత్రము అంగుళమైనను కదలలేదు. కింద ఎందుకు తీయకూడదని ఆయన అడిగినప్పుడెల్ల సూత్రమే వల్లించితిని. నిజము చెప్పవలెనన్న, ఎందుకో నాకును తెలియదు.

అప్పుడు మాధవి వాకిట ఇసుకలో కూర్చుండి ఎనిమిది కుప్పలు పోసెను.

"నాన్నా, ఇటు చూడు. కుప్పలు పోసేశావు. పడవది తీసేశాను. ఏడున్నాయా?"

"ఉన్నాయి."

"ఇప్పుడు ముగ్గురొచ్చి ఎవరిది వాళ్లు పట్టుకుపోయారు." మూడు కుప్పలు చెరిపెను. "మిగతా కుప్పలు పెరిగాయా?"

పోతయ్య వంగి ఆ నాలుగు కుప్పలను ఒక్కొక్కటే వేలితో ముట్టి చూచెను. "ఎందుకు పెరుగుతాయే? రానోడికైతే కుప్పే పొయ్యం, మిగతావి పెద్దవవుతాయి. పోశాక పట్టుకుపోతే మిగిలింది ఎంతదో అంతే."

"మాస్టారు అడిగింది పోశాక సంగతి. అందుకే ఎనిమిదింట్లో నాలుగు."

పోతయ్య నా వైపు తిరిగెను. "ఈ ముక్క మొదలే చెప్పొచ్చు కదండీ మాస్టారూ."

"ఇంతసేపు చెప్పినది అదియే కదా."

"అదాండి? అది తెలుగనుకోలేదండి."

భాషాప్రవీణుడనైన నేను తలవంచి సుద్దముక్కను జేబులో వేసుకొంటిని.

మరునాటి ఉదయము హాజరుపట్టీ తెరచి, పేర్లు పిలుచుచు, ఆ పేరు వచ్చుసరికి గడప వైపు చూచితిని.

"మాధవి."

"ఉన్నానండి."

దిక్పాలకులారా, ఆలకింపుడు. ఆమె పేరు కొట్టివేయవలసి వచ్చినచో, పైన ఒకటి, కింద ఒకటి, పోతయ్య లెక్కలోవలెనే తగ్గియుండెడిది. తగ్గలేదు. ఆ దినమున మా ఆరవ తరగతి హాజరు ముప్పదియొకటి బై ముప్పదియొకటి. మేము గెలిచితిమి.