గీత పెట్టినవన్నీ

ఈ నేరం మీ ఇద్దరిదే. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే పెద్దల్లుడుగారూ, మొదటి ముద్దాయి మీరు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని లోకాన్నంతా బాగుచేసేస్తానని తిరిగే బావమరిదీ, రెండో ముద్దాయివి నువ్వు. శుభ్రంగా నడుస్తున్న కారుని, అందులోనూ తమది కాని కారుని, ఆ మహాతల్లి ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు చూసి మరీ నిలువునా విప్పించారు. మీ ఇద్దరికీ బండి నడపడం రాదు. నడపడం రానివాళ్లకి బండి మీద ఇన్ని అభిప్రాయాలు ఉండే హక్కు ఎవరిచ్చారు? చిన్నల్లుడు ఇచ్చాడు. అతను మూడో ముద్దాయి. ఈ కథ అతనిది.

చిన్నల్లుడు బీమా ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతని పని ప్రమాదాల ఫైళ్లు చదవడం. లారీ కింద పడ్డ స్కూటర్లు, కాలవలోకి దిగిన వ్యాన్లు, గోడ ఎక్కిన కార్లు, అన్నీ ఫోటోలతో సహా అతని బల్ల మీదికి వస్తాయి. లైసెన్సు ఉంది, నడపడమూ వచ్చు. కానీ స్టీరింగు పట్టుకుంటే చాలు, ఆ ఫోటోలన్నీ అద్దం మీద వరసగా కనిపిస్తాయి. నడిచి వెళ్తూ సందు మలుపు తిరిగేటప్పుడు కూడా వెనక్కి చూసి, చెయ్యి చాపి, అప్పుడు తిరుగుతాడు. అందుకే ఆఫీసులో అతన్ని ఇండికేటర్ అంటారు.

అలాంటి మనిషి చేతిలో తన పాత కారు తాళాలు పెట్టింది అత్తగారు. ఆమె నూలు మిల్లులో మేస్త్రీ. మిల్లంతా ఆమెను మేస్త్రమ్మ అనేవారు. ఎన్నో ఏళ్లు ఆ కారులోనే మిల్లుకి వెళ్లి, ఒకనాడు ఉన్నట్టుండి, "మోకాళ్లు పట్టేస్తున్నాయి బాబూ, ఇక నువ్వే చూసుకో" అంది. వద్దనే ధైర్యం లేక అతను తీసుకున్నాడు. భయపడుతున్నానని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

అప్పటినుంచి అతన్ని కాపాడుతూ వచ్చింది ఒక తగాదా. పెద్దల్లుడు ఎప్పుడు ఇంటికొచ్చినా కారు మీద కప్పిన గుడ్డ తీసి నిట్టూర్చేవాడు. "తమ్ముడూ, ఇది పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఈ అద్దం తర్వాత పెట్టింది. ఈ హారన్ తర్వాత పెట్టింది. ఒక్క కొత్త మేకు పడ్డా ఇది చరిత్ర కాదు, చెత్త" అనేవాడు. బావమరిది ఊరుకునేవాడు కాదు. "పెద్దబావా, చరిత్రలో ఏసీ లేదు. లోపలి సామానంతా కొత్తది దించితే రాకెట్టులా పోతుంది" అనేవాడు. చిన్నల్లుడు ఒకరితో "మీరన్నదే నిజం అన్నయ్యా" అనేవాడు, ఇంకొకరితో "నువ్వన్నదే రైటురా" అనేవాడు. వాళ్లు తేల్చుకునేదాకా కారు కదలదు. కారు కదలనంతకాలం తను బతికి ఉంటాడు. తగాదా వాడిపోతున్నట్టు అనిపిస్తే తనే ఇన్ని నీళ్లు పోసేవాడు.

ఆ రోజు పొద్దున్న మేస్త్రమ్మ చివరి షిఫ్టుకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"సాయంత్రం సైరన్ మోగేసరికి గేటు ముందు నా బండి ఉండాలి. కంపెనీ వ్యాను వద్దని చెప్పేశా."

"ఆటో పిలుద్దాం అమ్మా" అంది చిన్న కూతురు.

"నా కారులో లోపలికెళ్లాను, నా కారులోనే బయటికొస్తాను. రాకపోతే నడిచొస్తా."

"ఆ మోకాళ్లతోనా?"

"మోకాళ్లు నావేగా" అని మేస్త్రమ్మ వెళ్లిపోయింది.

భార్య మొగుడివైపు తిరిగింది. "ఏమండీ, వింటున్నారా? మా అమ్మ అన్నంత పనీ చేస్తుంది. నేను మధ్యాహ్నమే మిల్లుకి వెళ్లి ఆవిడ దగ్గరుంటా. మీరు కారు తీసుకురండి."

"సరే" అన్నాడు చిన్నల్లుడు.  మిల్లుకి వెళ్లాలంటే రైలు వంతెన ఎక్కి దిగాలి. ఆ దిగుడు మీద జరిగిన ప్రమాదాలన్నీ అతని బల్ల దాటి వెళ్లినవే. కొన్నింటి ఫైళ్లకి అతనే దారం కట్టాడు.

అయినా ఒక ఉపాయం తట్టింది. కారుని వీధి చివరి షెడ్డులో కడగడానికి ఇచ్చాడు. అక్కడిదాకా నడపలేదు, స్టీరింగు పట్టుకుని పక్కింటివాళ్లతో తోయించాడు. తర్వాత ఆఫీసుకెళ్లి రెండు ఫోన్లు చేశాడు. "అన్నయ్యా, కారు షెడ్డులోనే ఉంది. మీకు అక్కర్లేనివాటన్నిటి మీదా ఒకసారి గుర్తు పెట్టండి" అని పెద్దల్లుడికి. "ఒరేయ్, నువ్వు మార్చాలన్నవాటన్నిటి మీదా గుర్తు పెట్టు, కారు షెడ్డులోనే ఉంది" అని బావమరిదికి. ఇద్దరూ అక్కడ ఎదురుపడతారు, కొట్టుకుంటారు, మెకానిక్ కారుని ముట్టుకోడు, సాయంత్రానికి బండి సిద్ధం కాదు, తప్పు తనది కాదు, అత్తగారు టాక్సీ ఎక్కుతుంది. పిరికివాడి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూశారా.

కానీ వాళ్లు ఎదురుపడలేదు. పెద్దల్లుడు మొదటి పీరియడుకి ముందే వచ్చి, జేబులోంచి సుద్దముక్క తీసి, తర్వాత పెట్టిన సామాన్లన్నిటి మీదా తెల్లగా ఒక్కో గీత గీశాడు. స్టీరింగు, అద్దం, హారన్, లైట్లు, వెనక సీటు. సుద్దముక్క బానెట్ మీద మర్చిపోయి కాలేజీకి పోయాడు. కాసేపటికి బావమరిది వచ్చాడు. బానెట్ మీద సుద్దముక్క చూసి, తనకోసమే పెట్టారనుకున్నాడు. పాత సామాన్లన్నిటి మీదా గీతలు లాగాడు. చక్రాలు, తలుపులు, బంపర్లు, బ్యాటరీ బిగించే పట్టీ, బానెట్, ఇంజన్. గీత లేనిది కనిపించినప్పుడల్లా పెట్టుకుంటూ పోయాడు. కొట్టులో పనుందని అతనూ పోయాడు.

షెడ్డు మెకానిక్కి ఒక పద్ధతి ఉంది. గీత ఉన్నది విప్పుతాడు, గీత లేనిది చూడడు. ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు లేదు. అయినా ఈసారి అతనికే కొంచెం ఆశ్చర్యం వేసి ఫోను చేశాడు.

"సార్, గీత పెట్టినవన్నీ విప్పెయ్యమంటారా?"

అప్పుడు చిన్నల్లుడి ఎదురుగా ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఆఫీసర్ల ముందు చిన్నల్లుడికి తెలిసిన మాట ఒక్కటే. "సరే, సరే" అని పెట్టేశాడు.

భోజనాల వేళ, దెబ్బలాట ఎంతదాకా వచ్చిందో చూద్దామని షెడ్డుకి వచ్చాడు. దెబ్బలాట లేదు. కారూ లేదు. నేల మీద గోనెపట్టాలు పరిచి, వాటిమీద కారు ఆరేసి ఉంది. మధ్యలో రాళ్లమీద ఒక ఇనుప డొక్క. దాని ఇంజన్‌కి గొలుసు కట్టి, మెకానిక్ దూలం మీదుగా పైకి లాగబోతున్నాడు.

"ఆపవయ్యా" అన్నాడు చిన్నల్లుడు. పక్కన కనిపించిన కారు సీటు మీద కూలబడ్డాడు. అది తన అత్తగారి కారు సీటే.

"మీరేగా సార్ సరే అన్నారు."

"సాయంత్రం సైరన్‌కి ఇది మిల్లు ముందుండాలి."

మెకానిక్ గోనెపట్టాల వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. "నడవడానికి కావాల్సినవి బిగిస్తా. చూడ్డానికి కావాల్సినవి కుదరదు."

అప్పుడు ఫోను మోగింది. భార్య. "ఏమండీ, బండి మెరుస్తోందా? ఇక్కడ అమ్మ అందరికీ చెప్పేసింది. షిఫ్టు మొత్తం గేటు దాకా వస్తుందట, కారెక్కించడానికి."

"మెరుస్తోంది" అన్నాడు చిన్నల్లుడు. అబద్ధం కాదు. నూనె అంటిన ముక్కలన్నీ ఎండలో మెరుస్తూనే ఉన్నాయి.

ముద్దాయిలిద్దరినీ పిలిపించాడు. ఇద్దరూ వచ్చి, పట్టాల మీది చరిత్రనూ భవిష్యత్తునూ చూసి, ముందు ఒకరినొకరు తిట్టుకున్నారు.

"నా కారు మీద నువ్వు సుద్ద పెట్టడమేమిట్రా?"

"మీ కారా? మా అమ్మది. అయినా పెద్దబావా, సుద్ద ఎవరిది?"

"చక్రాలు పట్టుకురండి ఇద్దరూ" అన్నాడు చిన్నల్లుడు. జీవితంలో మొదటిసారి అతను వాళ్లకి పని చెప్పాడు. వాళ్లు పట్టుకొచ్చారు.

చక్రాలు బిగిశాయి. స్టీరింగు బిగిసింది. ముందు సీట్లు బిగిశాయి. బ్యాటరీ పట్టీ పగిలిపోయింది, దాన్ని ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. తలుపులు లేవు, బానెట్ లేదు, లైట్లు లేవు, హారన్ లేదు. ఇంక టైము కూడా లేదు.

"బ్రేకులో?" అన్నాడు చిన్నల్లుడు.

"వాటి మీద ఎవరూ గీత పెట్టలేదు సార్."

"అంటే బాగున్నట్టా?"

"ఏమో సార్. గీత లేనిది నేను చూడలేదు."

పాతదే కావాలన్నవాడికి బ్రేకులు గుర్తు రాలేదు. కొత్తదే కావాలన్నవాడికీ గుర్తు రాలేదు. "నువ్వు నడుపు" అన్నాడు చిన్నల్లుడు మెకానిక్‌తో. "బ్యాటరీ వైర్లు కదిలితే చెయ్యి నాదే ఉండాలి సార్, మీవల్ల కాదు" అంటూ అతను బ్యాటరీని పసిపిల్లలా ఒళ్లోకి తీసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మిగతా ఇద్దరికీ నడపడం రాదు. అటు మిల్లు దగ్గర ఒక ముసలావిడ మోకాళ్లు ఎదురుచూస్తున్నాయి. చిన్నల్లుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఇంజన్ అందుకుంది. బావమరిది ముందు పరిగెడుతూ, "తప్పుకోండి, తప్పుకోండి" అని హారన్ అయ్యాడు. పెద్దల్లుడు వెనకనుంచి తోస్తూ వచ్చాడు. తలుపు లేదు కాబట్టి చిన్నల్లుడు మలుపు తిరిగిన ప్రతిసారీ చెయ్యి మాత్రమే కాదు, నడుము దాకా బయటికి వంగి చూపించాడు. బస్సులవాళ్లు కూడా ఆగి దారిచ్చారు. ఆఫీసు ముందునుంచి వెళ్తుంటే మెట్లమీద నిలబడ్డ ఆఫీసరు నోట్లో సిగరెట్టు కింద పడింది.

వంతెన ఎక్కడం బాగానే ఉంది. పైకి చేరాక ముందు దిగుడు కనిపించింది. చదివిన ఫైళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. చిన్నల్లుడు బ్రేకు తొక్కాడు. కాలు మెత్తగా నేలదాకా వెళ్లింది. కారు వినలేదు.

"సార్, మళ్లీ మళ్లీ తొక్కండి" అన్నాడు మెకానిక్, బ్యాటరీని కావలించుకుని.

తొక్కాడు. తొక్కుతూనే ఉన్నాడు. కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకున్నవాళ్ల ఫోటోలు గుర్తొచ్చి తెరిచే ఉంచాడు. బావమరిది హారన్ పని మానేసి ప్రాణభయంతో పరుగు మొదలుపెట్టాడు. వెనక పెద్దల్లుడు తోయడం ఆపి, బండిని పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. చెప్పులు రోడ్డు మీద అరిగిపోతున్నా వదల్లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. దిగుడు అయిపోయింది. మిల్లు సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. షిఫ్టు షిఫ్టంతా బయటికొచ్చి నిలబడింది. కారు వాళ్ల ముందునుంచి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా సాగిపోయి, గోడవార పేర్చిన పత్తి బేళ్లలోకి ముక్కు దూర్చి ఆగింది.

భార్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నల్లుడు దిగలేదు. వేళ్లు స్టీరింగుని వదలడం లేదు.

మేస్త్రమ్మ వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపులు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి చూసింది. బయటపడ్డ ఇంజన్ని వంగి చూసింది. పెద్దల్లుడు రొప్పుతూ గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, ఇది నేను చెప్పినట్టు…"

"ఎవరు చేశారిది?"

ముద్దాయిలిద్దరూ ఒకరినొకరు చూపించారు.

"నేను కొన్న రోజున అచ్చం ఇలాగే ఉంది" అంది మేస్త్రమ్మ. "తుక్కు కొట్టులో కొన్నా. తలుపుల్లేవు, దీపాల్లేవు, పైన రేకుల్లేవు. మొదటిరోజు ఇలాగే వచ్చా ఈ గేటులోకి. అదే గోడకి గుద్దా. అప్పుడు పత్తి లేదు." ఆమె కళ్లు తుడుచుకుంది. షిఫ్టంతా చప్పట్లు కొట్టింది. పెద్దల్లుడు, తను ఇన్నాళ్లూ అడిగింది ఇదేనని తెలిసి, నోరు మూసుకున్నాడు.

మెకానిక్ దిగి సీటు ఖాళీ చేశాడు. మేస్త్రమ్మ చక్కగా ఎక్కి కూర్చుని బ్యాటరీ ఒళ్లో పెట్టుకుంది. మోకాళ్లు కిర్రుమనలేదు.

"అత్తయ్యగారూ, నేను నడపలేను. నాకు భయం" అన్నాడు చిన్నల్లుడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది.

"తెలుసు."

"తెలిసీ ఇచ్చారా?"

"ఆ దిగుడు మీద నాకూ బ్రేకు అందలేదు ఒకసారి. మోకాళ్లకేం కాలేదు బాబూ, గుండె జారింది. చెప్పుకోడానికి సిగ్గేసి మోకాళ్ల మీద పెట్టా. పెద్దల్లుడికిస్తే అద్దాల పెట్టెలో పెడతాడు. నా కొడుక్కిస్తే వారంలో చస్తాడు. భయమున్నవాడైతే ముందు బ్రేకులు బాగుచేయిస్తాడని నీకిచ్చా."

చిన్నల్లుడు అన్నేళ్లు కారు కదలకుండా చూశాడు కానీ, కదిలితే ఆగేలా చూడలేదు.

కాబట్టి ముద్దాయిలు ముగ్గురూ వినండి. పాతదిగా ఉంచాలా, కొత్తది చెయ్యాలా అన్న గొడవ ఇక చాలు. పెద్దల్లుడుగారూ, ఆ సుద్ద మీ కాలేజీ బోర్డు దాటి బయటికి రాకూడదు. బావమరిదీ, గోనెపట్టాల మీద పరిచినదంతా నువ్వే మోసుకురావాలి. చిన్నల్లుడా, నువ్వు ఇవాళే, ఇప్పుడే, ఇంటికి పోకముందే బ్రేకుల మీద గీత పెట్టి ఆ మెకానిక్‌కి చూపించు. వంతెన తిరిగి దాటాలి.

తలుపుల సంగతి తర్వాత చూడొచ్చు, దూకడానికి అవి లేకపోవడమే నయం.