శనివారానికి కావలసిన కర్ర

ఆ మంగళవారం ఉదయం ఓర్విల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కర్రలు చేసే డెల్బర్ట్ కొట్టానికి వెళ్ళాలి, బంతిని వలతో పట్టి ఆడే కొయ్య లాక్రోస్ కర్ర ఒకటి కావాలని చెప్పాలి, ఎవరి కంటా పడకుండా పది గంటలకల్లా ఇంటికొచ్చి మొక్కజొన్న జావ తాగాలి. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషికి అదేమీ అత్యాశ కాదు. కాకపోతే ఆ నదీతీరపు ఆదివాసీ రిజర్వులో ఎవరి కంటా పడకుండా తుమ్మినవాడు కూడా ఇంతవరకు లేడు.

కర్ర అతనికి కాదు, చిన్ననాటి నేస్తం లైల్‌కి. రెండు రోజుల కిందట అరీనా వెనక గదిలో పిల్లల జెర్సీలు ఉతుకుతూ, మిషను చప్పుడులో, లైల్ తన జబ్బు సంగతి చెప్పాడు. ఆకులు రాలేదాకా ఉంటే గొప్ప అన్నారట డాక్టర్లు. ఓర్విల్ చేతిలో ఉన్న తడి జెర్సీని ఎంతసేపు పిండాడో అతనికే తెలియదు.

"అది చిరిగిపోతుంది, వదులు," అన్నాడు లైల్. "అసలు చిక్కు అది కాదురా. నా దగ్గర కర్ర లేదు."

వాళ్ళ నమ్మకంలో మగవాడు చేతిలో కర్ర పెట్టుకునే ఈ లోకం నుంచి వెళ్ళాలి. అవతల ఆట నడుస్తూనే ఉంటుంది, రాగానే దిగమంటారు. లైల్ తన కర్రలన్నీ, తండ్రి ఇచ్చిన దానితో సహా, కర్ర లేని పిల్లలకు ఒక్కొక్కటే ఇచ్చేశాడు. ఇరవై తొమ్మిదో ఏట మోకాలు విరిగాక ఆడలేదు. నలభై ఏళ్ళుగా ఆట గడియారం బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కుతున్నాడు.

"వట్టి చేతుల్తో పోతే అక్కడ కూడా గడియారం దగ్గరే కూచోబెడతారు. అక్కడన్నా నన్ను ఆడనీరా."

"అందరికీ చెబుదాం లైల్. సంఘంలో మార్లీన్‌కి చెబుదాం."

"చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు. శనివారం ఫైనల్ ఉంది. తెలిస్తే మీట ముట్టుకోనిస్తారా? కుర్చీలో కూలదోసి దుప్పటి కప్పుతారు."

ఓర్విల్ మాటిచ్చాడు. లైల్ పిల్లలు లేని విధురుడు, చిన్నప్పటి నుంచీ ఏదీ అడగని మనిషి, అడిగిందల్లా ఒక కర్ర, ఒక మౌనం. ఆ రెండూ ఇవ్వలేకపోతే అరవై ఏళ్ళ స్నేహం ఎందుకు?

డెల్బర్ట్ చేతిలో పనితనం ఎంతో, నోటికి కట్టడి అంత తక్కువ. హికరీ అనే చేవగల చెట్టు కొట్టి, చీల్చి, ఆవిరి పట్టి వంచి, ఆరబెట్టి, తోలుపట్టీలతో వల అల్లే సరికి ఏడాది పడుతుంది. ఆ సంగతి ఓర్విల్‌కూ తెలుసు.

"ఎవరికి?" అన్నాడు డెల్బర్ట్, చెక్కుడు కత్తి ఆపకుండా.

ఓర్విల్ అబద్ధాలకు అలవాటు పడ్డవాడు కాడు. అలవాటు లేనివాడు మొదట దొరికిన అబద్ధమే ఆడతాడు.

"నాకే."

"నీకా? నువ్వు బంతి పట్టి ముప్పై ఏళ్ళయింది."

"నాకే అన్నాగా."

"సరే, వచ్చే ఎండాకాలానికి..."

"శనివారానికి కావాలి."

కత్తి ఆగిపోయింది. డెల్బర్ట్ అతన్ని పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చూశాడు. లేచి వెళ్ళి గోడకున్న కర్రల్లో అన్నిటికన్నా మంచిది, ఎవరి కోసమో ఏడాదిగా ఆరబెట్టింది, దించాడు. "వల అల్లడమే మిగిలింది. రేపు నేనే తెచ్చిస్తా. నువ్వు బరువులు మోయకు," అన్నాడు.

డెల్బర్ట్ నోట్లో నువ్వుగింజ నానదు. ఓర్విల్ ఇంటికి చేరేలోపే ఆ కబురు పెట్రోలు బంకు దగ్గర కాఫీ తాగుతోంది.

బుధవారం పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో మూడు మొక్కజొన్న సూప్ గిన్నెలున్నాయి. మధ్యాహ్నానికి ఏడయ్యాయి. డెల్బర్ట్ కర్ర తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, ఓర్విల్‌ను కావలించుకుని, మాట లేకుండా వెళ్ళిపోయాడు. ఓర్విల్‌తో పాటు ఉండే అక్క విల్మా ఆ కర్రను చూసి కూలబడింది. మగవాళ్ళ కొయ్య కర్రను ఆడవాళ్ళు ముట్టుకోరు కాబట్టి, ఆ రోజు నుంచీ ఆవిడ బల్లంతా తుడిచి, కర్ర చుట్టూ మాత్రం గుడ్డతో ప్రదక్షిణ చేసి, దాన్ని చూసినప్పుడల్లా ఏడ్చేది.

"అక్కా, నేను గుండ్రాయిలా ఉన్నాను."

"పోయేవాళ్ళందరూ ఆ మాటే అంటారు. నాన్న కూడా అదే అన్నాడు, ఆ సాయంత్రానికే పోయాడు. సూప్ తాగు."

"ఇది నాలుగో గిన్నె!"

"మిగిలితే వాళ్ళేమనుకుంటారు?"

పక్కింటి హ్యూబర్ట్ వచ్చి కుశలప్రశ్నలు వేసి, వెళ్ళబోతూ షెడ్డు వైపు చూశాడు. మనిషి పోయిన పదో రోజు విందు పెట్టి అతని వస్తువులు పంచుతారు. హ్యూబర్ట్ ముందుచూపున్న మనిషి. "నీ రంపం ఇంకా బాగా కోస్తోందా ఓర్విల్? ఊరికే అడిగాలే," అన్నాడు. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి రక్తపోటు చూసింది. నూట ఇరవైకి ఎనభై. "ఈ స్థితిలో కూడా ఎంత నిబ్బరమో!" అని కళ్ళొత్తుకుని పోయింది.

సాయంత్రం మార్లీన్ వచ్చింది. లోయ లాక్రోస్ సంఘానికి ఆమె కార్యదర్శి. పగలు బడి బస్సు తోలుతుంది, ఆపైన సంఘాన్ని తోలుతుంది. జీతం బత్తెం లేకుండా ఆటకు చాకిరీ చేసేవాళ్ళకు సంఘం ఏటా నవంబరులో సన్మానం చేస్తుంది. పేరు తేలాలంటే మూడు సమావేశాలు, కనీసం రెండు తగాదాలు జరగాలి. ఈసారి అరగంటలో తేలిందట.

"నవంబరు దాకా ఆగం, శనివారం ఫైనల్ కాగానే సన్మానం నీకే బాబాయ్. అరీనాకి నీ పేరు కూడా పెడదామంటున్నారు."

ఓర్విల్ సూప్ గిన్నె పక్కకు నెట్టాడు. తనేం చేశాడని? పిల్లల కర్రలకు వలలు అల్లాడు, తలుపులు తీశాడు, వేశాడు. మట్టిరోడ్ల చివరి ఇళ్ళ నుంచి పిల్లల్ని ట్రక్కులో ఎక్కించుకొచ్చింది లైల్. రాత్రుళ్ళు మేలుకుని పాత రక్షణ తొడుగులు కుట్టి, నలభై మందికి సరిపోయేలా చేసింది లైల్. అరీనా లేనప్పుడు ఊరంతా తిరిగి చెక్క పలకలు అడుక్కొచ్చి ఆటస్థలం చుట్టూ కొట్టింది లైల్. మేకులు పట్టుకుని నిలబడింది తను.

"మార్లీన్, లైల్‌కివ్వండమ్మా. న్యాయంగా అది వాడిది."

"లైల్ మామకి వచ్చే ఏడు ఇద్దాం బాబాయ్. ఆయనకి తొందరేముంది?"

ఓర్విల్ కళ్ళ వెంట నీళ్ళు చూసి, పాపం ముసలాయన పొంగిపోయాడనుకుని, మార్లీన్ కూడా ఏడ్చింది. ఇద్దరూ వేరు వేరు మనుషుల కోసం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏడ్చారు.

మర్నాడు ఓర్విల్ లైల్ ఇంటి మీదికి పోయాడు. "నన్ను మాట నుంచి వదిలెయ్. ఊరంతా నన్ను చంపేసింది. ఇక పాతిపెట్టడమే తరువాయి."

"సూప్ ఎలా ఉంది?" అన్నాడు లైల్. నాలుగు రోజుల్లో అతని మొహం మరీ లోపలికి పోయింది.

"నీకు రావలసింది నాకిస్తున్నారురా, దొంగలా తీసుకోమంటావా?"

"తీసుకో. మాట తప్పావో, ఆ కర్ర నాకొద్దు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓర్విల్ తన వంటింట్లో ఉన్న కర్రను తలుచుకుని ఇంటిదారి పట్టాడు.

శనివారం మధ్యాహ్నం అరీనాలో మూడు వందల ఇరవై మంది. అందులో కొందరు ఆ తలుపు దాటి ఏళ్ళయింది. పిల్లల ఫైనల్ అయింది, ఎవరు గెలిచారో పెద్దవాళ్ళెవరూ పట్టించుకోలేదు. దీపాలార్పి తెల్లగుడ్డ మీద నలభై ఏళ్ళ ఫోటోలు వేశారు. ప్రతి దాంట్లోనూ ఓర్విల్ ఉన్నాడు. పిల్లలతో, కప్పులతో, చీపురుతో. లైల్ ఒక్క దాంట్లోనూ లేడు. అన్నీ తీసింది అతనే.

దీపాలు వెలిగాయి. మార్లీన్ ఇత్తడి పలక ఓర్విల్ చేతిలో పెట్టింది. హడావుడిలో చెక్కించారేమో, పేరు కింద అతను పుట్టిన ఏడు, దాని పక్కన ఒక గీత, గీత పక్కన కాస్త ఖాళీ వదిలారు. ఓర్విల్ ఆ ఖాళీని చూశాడు. జనాన్ని చూశాడు. ఎదురుగా గడియారం బల్ల వెనక, కోటు కాలరు పైకి లాక్కుని కూర్చున్న లైల్‌ను చూశాడు. మాట గంగలో కలిసినా సరే, చెప్పెయ్యాలని ఆ క్షణంలో నిశ్చయించుకున్నాడు.

"ఈ పని నేనొక్కణ్ణే చెయ్యలేదు," అని మొదలుపెట్టాడు. "అసలు చేసింది..."

బర్ర్ర్ర్! ఆట ముగిసినప్పుడు మోగే హారన్ అరీనా కప్పు అదిరేలా మోగింది. చంటిపిల్లలు కెవ్వుమన్నారు.

"మామా, ఆ మీట మీంచి చెయ్యి తియ్యి!" అని అరిచింది మార్లీన్.

"చెయ్యి జారిందమ్మా. వయసు," అన్నాడు లైల్ వినయంగా.

ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు. "మీకందరికీ తెలియంది ఒకటుంది. ఇక్కడ మన మధ్యే ఒక మనిషి..."

బర్ర్ర్ర్!

"వైర్లు కాలాయేమో," అన్నారెవరో. ఇద్దరు కుర్రాళ్ళు బల్ల దగ్గరికి పరుగెత్తారు. లైల్ వాళ్ళకు ఏదో సర్దిచెప్పి, బల్ల మీదుగా ఓర్విల్ కళ్ళలోకి సూటిగా చూశాడు. అతని బొటనవేలు మీట మీదే ఉంది. ఆ చూపులో బెదిరింపు లేదు. బతిమాలుతున్నాడు. జీవితంలో మొదటిసారి బతిమాలుతున్నాడు.

ఓర్విల్ పలకను ఛాతీకి అదుముకున్నాడు. "అందరికీ... థాంక్స్," అన్నాడు. హారన్ మోగలేదు. ముసలాయనకు మాట కూడా కరువైందని మూడు వందల ఇరవై మంది బావురుమన్నారు.

అందరూ విందుకు వెళ్ళాక ఇద్దరూ లైల్ ట్రక్కులో కూర్చున్నారు. ఓర్విల్ పలకను అతని ఒళ్ళో పడేశాడు. "ఇది నీది, పాపిష్టోడా."

లైల్ ఆ గీతనూ ఖాళీనీ చూసి దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "బుధవారం నీ దగ్గరికి రాకముందు మార్లీన్ నా దగ్గరికొచ్చింది. నువ్వు నిజంగా పోతున్నావా అని అడిగింది. డెల్బర్ట్ మాట నమ్మలేదు ఆ పిల్ల."

"నువ్వు కాదనలేదా?"

"అవునన్నాను. ఆకులు రాలేదాకా కష్టమన్నాను."

"ఎందుకు?" అన్నాడు ఓర్విల్.

"కాదంటే కర్ర ఎవరికని వెతికేవాళ్ళు, నా గడప దాకా వచ్చేవాళ్ళు. ఇంకోటి... సంఘం సంగతి నీకు తెలుసు, బాగున్నవాడి వైపు చూడరు. నీకు రావలసింది నువ్వు బతికుండగా రావాలనిపించింది."

"మరి నీకు?"

లైల్ అద్దంలోంచి ఖాళీ ఆవరణ వైపు చూశాడు. "ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చిందిరా. నీ కోసమే అనుకో. నాకెవరున్నారు ఏడవడానికి? ఎలా ఉంటుందో చూద్దామని కదలకుండా కూచున్నా. ఇవాళ కూడా అంతమంది ఏడుస్తుంటే, నా వాటా అందులోంచి నేనే తీసేసుకున్నా. బాగుంది."

ఓర్విల్ ఏడ్చాడు. ఆ వారంలో లైల్ కోసమే అని తెలిసి, లైల్ ఎదుటే ఏడ్చింది అతనొక్కడే. లైల్ అతని వీపు నిమురుతూ, "చాలు, విందులో రొట్టెలు అయిపోతాయి," అన్నాడు.

ఫైనల్ తర్వాత పన్నెండో రోజున లైల్ పోయాడు. చెట్ల మీద ఒక్క ఆకు కూడా పసుపు తిరగలేదు, డాక్టర్ల లెక్క కంటే ముందే వెళ్ళిపోయాడు. శవపెట్టెలో అతని కుడిచేతి కింద ఉన్న కర్రను డెల్బర్ట్ దూరం నుంచే గుర్తుపట్టాడు. తన అల్లిక తనకు తెలియదా? అతను ఓర్విల్ వైపు తిరిగాడు. అతన్ని చూసి పక్కవాడు, వాడిని చూసి ఇంకొకడు, మెల్లగా ఊరంతా తిరిగి, గుండ్రాయిలా నిలబడి ఉన్న ఓర్విల్‌ను చూసింది. ఆ చూపుల్లో సిగ్గుంది, దుఃఖముంది. హ్యూబర్ట్ చూపులో కొంచెం ఆశాభంగం కూడా ఉంది.

మార్లీన్ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "తొందరేముంది అన్నాను బాబాయ్. ఆయన గురించి ఆ మాటన్నాను."

"నువ్వేడ్చిన ఏడుపు వాడు తీసుకునే వెళ్ళాడమ్మా," అన్నాడు ఓర్విల్. "అది నా కోసమని తెలిసే తీసుకున్నాడు."

లైల్‌ను తలుచుకుని ఆ రోజు చాలామంది చాలా మాట్లాడారు. అతని ట్రక్కులో ఎక్కి ఆటకొచ్చినవాళ్ళు, అతని కర్రతో మొదటి గోలు కొట్టినవాళ్ళు, అతను కుట్టిన తొడుగులతో దెబ్బ తప్పించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పారు. అడ్డం రావడానికి హారన్ లేదు. ఓర్విల్ అన్నీ విన్నాడు. వాడు వింటే ఎంత సిగ్గుపడి చచ్చేవాడో అనుకున్నాడు. ఆ మాట పైకి అనబోయి మానేశాడు.

వచ్చే ఏప్రిల్ నుంచి గడియారం బల్ల దగ్గర కూర్చోవడానికి, పిల్లల్ని ట్రక్కులో తీసుకురావడానికి, జెర్సీలు ఉతకడానికి మనుషులు కావాలని మార్లీన్ అరీనా తలుపు మీద కాగితం అంటించి, పేర్లు రాయడానికి దారంతో పెన్సిలు కట్టింది. అంత్యక్రియలకు నాలుగు వందల మంది వచ్చారు. కాగితం మీద నెల రోజులకు రెండు పేర్లున్నాయి, ఒకటి ఓర్విల్‌ది, రెండోది పెన్సిలు కట్టినావిడది.