ఒకటిన్నర అంగుళం

"పది నిమిషాల పని అంటుంటే వినవే!" అని వడ్రంగి అప్పటికి నాలుగోసారి అన్నాడు.

"అమ్మాయి తనే వచ్చి బిగిస్తానంది. ముట్టుకోవద్దని కూడా చెప్పింది," అని ఆయన భార్య ఐదోసారి అంది.

"అది వచ్చేది నాలుగింటికి. పక్కన హెడ్‌మిస్ట్రెస్ గారుంటారు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇది స్క్రూలు విప్పుతుందా?"

ఇళ్ల లోపలి డిజైన్లు గీయడం నేర్చుకున్న కూతురికి ఇదే మొట్టమొదటి బేరం. హెడ్‌మిస్ట్రెస్ గారి వంటగదిని కంప్యూటర్లో గీసింది. తెర మీద అల్మరా తలుపులు తెరిచి చూపిస్తే పని ఇస్తానని ఆవిడ మాటిచ్చారు. తీరా చూస్తే, మొదటి తలుపు సగం తెరుచుకోగానే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. తెర మీది బొమ్మల్ని చకచకా కదిలించే గ్రాఫిక్స్ కార్డు ఉంటే తప్ప లాభం లేదని కూతురు నిన్న ఒకటి తెప్పించింది. ఆ కంప్యూటరేమో రెండు లావుపాటి నిఘంటువులు పేర్చినంతే ఉంటుంది.

"కొనేముందు నన్నొక్క మాట అడిగిందా? ముప్పై ఏళ్లుగా కొలతలు తీస్తున్నవాణ్ణి ఇంట్లో పెట్టుకుని!" అన్నాడు. అసలు బాధ అదీ.

ఆ ఇంటికి ఏ సామాను వచ్చినా అట్టపెట్టె విప్పేది వడ్రంగి తల్లే. అందులో ఎక్కువొచ్చిన మేకైనా, స్క్రూ అయినా ఆవిడ మిగులు డబ్బాలోకి చేరిపోతుంది.

"ఒరేయ్, చిన్న రేకొకటి ఎక్కువొచ్చిందిరా."

"డబ్బాలో వెయ్యమ్మా," అన్నాడు కంప్యూటర్ మూత విప్పుతూ, తలెత్తకుండా.

కార్డు తన గాడిలో బుద్ధిగా కూర్చుంది. దాని చివర నిలువుగా ఉన్న రేకు మాత్రం కంప్యూటర్ మూతని దాటి పైకి లేచింది. వడ్రంగి టేపు తీశాడు. ఒకటిన్నర అంగుళం.

"చూశావా! పిల్ల కొలత తప్పింది," అని ఉత్సాహంగా అరిచాడు. మరుక్షణం ఆ ఉత్సాహం కాస్తా నీరుగారిపోయింది. తొలి బేరంలోనే కొలత తప్పిందని హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు బయటపడితే, ఆవిడ దీని చేతిలో వంటగది పెడతారా? ఆవిడ రాకముందే సర్దేయాలి. పిల్లకి కూడా చెప్పక్కర్లేదు.

"ఆ రేకు ముక్క కోసేస్తే పోలేదూ?" అంది భార్య.

"చెక్కతో అయ్యేదానికి ఇనుము జోలికెందుకు?"

ఒకటిన్నర అంగుళం ఎత్తున టేకు చట్రం చేశాడు. దానిమీద చెక్క మూత పెట్టి, గాలికి రంధ్రాలు వేసి, అంచులు నున్నగా తోమాడు. ముచ్చటగా కుదిరింది. కానీ అలా పెరిగిన కంప్యూటర్ బల్ల కింద అరలో పట్టలేదు. అర ఊడదీశాడు. అర పోయేసరికి బల్ల ఒక పక్కకి ఒరిగింది. చివరికి సరంజామా అంతా భోజనాల బల్ల మీదికి చేరింది. వైర్లన్నీ మునుపు ఉన్నచోటే తిరిగి గుచ్చి స్విచ్ వేశాడు.

ఫ్యాను తిరిగింది. పచ్చ దీపం వెలిగింది. తెర మాత్రం చీకటిగానే ఉండిపోయింది.

"తిరుగుతోందిగా?" అంది భార్య.

"తిరుగుతోంది."

"మరి కనబడదేం?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు బిగించాడు. "రంపప్పొట్టు పడిందేమో చూడరా," అంది తల్లి. వంగి గట్టిగా ఊదాడు. ఆ పొట్టంతా తిరిగొచ్చి ఆయన కళ్లలోనే పడింది.

సరిగ్గా అప్పుడే కూతురు హెడ్‌మిస్ట్రెస్ గారిని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటున్న పెద్దమనిషిని చూసి ఆవిడ అక్కడే ఆగిపోయారు.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏం చెప్పమంటారు తల్లీ! పొద్దున్నదాకా బాగానే ఉంది. ఊపిరి ఆడుతోంది గానీ కళ్లే తెరవడం లేదు," అంది ముసలావిడ.

"ఎంత వయసు?"

"మొన్ననే రెండేళ్లు నిండాయి."

"పసిప్రాణం! ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంకా చూస్తున్నారేమిటి?"

"మా అత్తగారు కంప్యూటర్ సంగతి చెబుతున్నారండీ," అంది వడ్రంగి భార్య నీరసంగా.

కూతురు చెక్క టోపీ వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూసింది. కంప్యూటర్ వెనక్కి వెళ్లి, తెర వైరుని పాత చోటి నుంచి పీకి కొత్త కార్డుకి గుచ్చింది. తెర భగ్గున వెలిగింది. వంటగది కనబడింది. అల్మరా తలుపులు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

"నాన్నా, దీంతోపాటు పొట్టి రేకు ఇంకొకటి రావాలే? ఈ పొడుగుది తీసేసి అది బిగిస్తే మామూలు మూతే పడుతుంది. చూసుకునే కొన్నాను."

అందరూ ముసలావిడ వైపు చూశారు. ఆవిడ వంటింటి కిటికీ వైపు చూసింది. ఏళ్ల తరబడి గాలికి కొట్టుకునే రెక్క పొట్టి రేకు పట్టులో కదలకుండా నిలబడి ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు తెర మీది నుంచి చూపు తిప్పి వడ్రంగిని అడిగారు. "బొమ్మ బాగుంది. మరి మా వంటగది కొలతలు... మీరే తీస్తారా?"

వడ్రంగి చొక్కా జేబులోంచి టేపు తీసి, కాసేపు అరచేతిలో పట్టుకుని, కూతురి ముందు పెట్టాడు.

"లేదండీ. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో కొలతలు అమ్మాయి తీస్తుంది," అన్నాడు మెల్లిగా, అందరికీ వినబడేలా. "చెక్క నేను కోస్తాను."

పని ఖాయమైంది. కిటికీ రేకు విప్పడానికి మాత్రం ముసలావిడ ససేమిరా అంది కాబట్టి, కంప్యూటర్ ఇప్పటికీ టేకు టోపీతోనే పని చేస్తోంది.